ఇంటర్వ్యూ లింకు పంపే ముందు ఒక్క మాట అడగండ్రి

సంపాదకులు గారికి నమస్తే.

మీ పేపర్‌ల ఉద్యోగాల పేజీ నేను వదలకుండ ఫాలో అయిత. నాకు చూపు లేదు, వెబ్‌సైట్‌ల పెట్టినయి అయితే ఫోన్‌ల టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తది, ఈ-పేపర్‌ల ఉన్నయి మా చెల్లె చదివి చెప్తది. ఇప్పుడు వచ్చే ప్రకటనలల్ల చాన వాటికి కింద ఒక లైన్ ఉంటది, ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌ల జరుగుతది, లింకు మెయిల్‌కు వస్తది అని. ఆ లింకు నొక్కినంక మా అసొంటి వికలాంగులకు ఏమైతున్నదో బయటోళ్లకు తెల్వదు, కంపెనీలోళ్లకు కూడ తెల్వదనే అనుకుంటున్న, తెలిసి కావాలని ఎవ్వరు ఇట్ల చేస్తరని నాకు అనిపించదు. అందుకే ఈ ఉత్తరం. జర పొడుగే అయితది, ఏమనుకోకుండ్రి, వీలైతే కోత పెట్టకుండ వేయండ్రి.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు వద్దని మాత్రం నేను అంటలేను. 2020ల కరోనా వచ్చేదాక ఏ చిన్న నౌకరికైనా హైదరాబాద్ పోవాల్సిందే. నల్లగొండకెళ్లి దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, పాలమూరోళ్లకు కూడ అంతే, బస్సుల మాకు రాయితీ ఉన్నా మాతోని ఒకరు తోడు రావాలె గదా, వాళ్లకు ఆ రోజు కూలి పోతది, ఎల్బీనగర్‌ల దిగినంక హైటెక్ సిటీ దాక ఇంకో ప్రయాణం, ఆడ ఆఫీసు మెట్లు, లిఫ్టు ఎక్కడున్నదో అడుగుడు, వీల్‌చైర్‌ల ఉన్నోళ్ల బాధ అయితే చెప్పనే వద్దు, పది నిమిషాల ఇంటర్వ్యూకు పొద్దుగాల ఇల్లు విడిస్తే రాత్రికి వచ్చేది. అదంతా తప్పింది. ఇంట్ల కూసొని ఇంటర్వ్యూ ఇయ్యొచ్చు అన్నప్పుడు అందరికన్న ఎక్కువ సంతోషపడ్డది మేమే. కని జరుగుతున్నది చూస్తే ఇంటికి భోజనానికి పిలిచి లోపటికెళ్లి గొళ్లెం పెట్టుకున్నట్టు ఉన్నది.

నా సంగతే చెప్త. నేను నల్లగొండలనే బీకాం చేసిన. కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోని పని చేస్త, అంటే స్క్రీన్ మీద ఉన్న అక్షరాన్ని గొంతుతోని చదివే సాఫ్ట్‌వేర్, పైస ఖర్చు లేకుండ దొరుకుతది, మౌస్ ముట్టకుండ మొత్తం కీబోర్డ్ మీదనే నడిపిస్తం. ఇప్పుడు నేను ఒక కంపెనీకి ఇంటికాడికెళ్లే కస్టమర్ సపోర్ట్ చేస్తున్న, దినమంత కంప్యూటర్‌తోనే, ఫోన్‌ల కస్టమర్‌తోని మాట్లాడుకుంటనే ఇంకో చెవిల స్క్రీన్ రీడర్ వినుకుంట కంప్లైంట్ ఎంటర్ చేస్త. పని నాకు బరువు అనిపియ్యలేదు. పని దొరికే ముందటి ఇంటర్వ్యూలే నన్ను సతాయించినయి, ఆ ఇంటర్వ్యూలల్ల నేను ఫెయిలైన జాగలు ఒక్కటి కూడ ఈ పనికి సంబంధించినయి కావు.

ఒక కంపెనీ, పేరు వద్దు, మనిషే ఉండని ఇంటర్వ్యూ పెట్టింది. ఇది ఇప్పుడు మస్తు కంపెనీలు చేస్తున్నయి. స్క్రీన్ మీద ప్రశ్న వస్తది, ఆలోచించుకోనీకి 30 సెకన్లు, తర్వాత దానంతట అదే రికార్డింగ్ షురూ అయితది, రెండు నిమిషాలల్ల జవాబు చెప్పాలె, అటెన్క ఎవరో తీరికున్నప్పుడు ఆ వీడియో చూస్తరు. ప్రశ్న రాంగనే ఎన్‌వీడీఏ చదువుడు మొదలువెట్టింది, 'టెల్ అస్ అబౌట్' అన్నదో లేదో పక్కకున్న టైమర్‌ల అంకె మారింది. ఆ టైమర్ ఎట్ల తయారు చేసిన్రంటే అంకె మారినప్పుడల్ల స్క్రీన్ రీడర్ చదువుతున్నది ఆపి దాన్నే చదవాలె. 'ట్వంటీ నైన్' అన్నది. నేను మళ్ల ప్రశ్న మీదికి పోయిన, 'టెల్ అస్', 'ట్వంటీ ఎయిట్', మళ్ల పోయిన, 'టెల్', 'ట్వంటీ సెవెన్'. ఇట్ల ముప్పై సెకన్లు నా చెవిల అంకెలే తప్ప ప్రశ్న పడలే. రికార్డింగ్ షురూ అయింది, నాకు ప్రశ్న ఏందో తెల్వదు, కెమెరాకు అదే చెప్పిన, సార్ నాకు ప్రశ్న వినబడలేదు, టైమర్ చదువుడుతోని ఆగిపోతున్నది, నాకు ప్రశ్న మెయిల్ చేస్తే జవాబు ఇస్త అని. ఆ వీడియో ఎవరన్న చూసిన్రో లేదో నాకైతే తెల్వదు, రెండు దినాలకు ఎప్పుడొచ్చే రిజెక్ట్ మెయిలే వచ్చింది. ఆ టైమర్‌ను ప్రతి సెకనుకు చదవకుండ చేసుడు ఆ వెబ్‌సైట్ తయారు చేసేటోళ్లకు ఒక్క లైన్ కోడ్ పని, ఇది నేను గాలికి చెప్తలేను, ఆ పని చేసే దోస్తులను అడిగే చెప్తున్న.

ఇంకో తాన కెమెరా నిఘా. పరీక్ష రాసేటప్పుడు కాపీ కొడ్తున్నమా అని చూసే సాఫ్ట్‌వేర్. దాంట్ల మొదలు ముఖాన్ని గుండ్రం లోపట పెట్టుమంటది. గుండ్రం ఎక్కడున్నదో నాకెట్ల తెలుస్తది, ఎడమకా కుడికా పైకా కిందికా గొంతుతోని చెప్తే నేను జరుగుత, ఫోన్ కెమెరాలల్ల ఆ సౌకర్యం ఎప్పుడో ఉన్నది, దీంట్ల మాత్రం 'ఫేస్ నాట్ డిటెక్టెడ్' అని ఒకటే మాట. మా చెల్లె వచ్చి నా తలకాయ పట్టుకొని సరి చేస్తే 'మల్టిపుల్ పర్సన్స్' అని వార్నింగ్ వచ్చింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవి తీసేయుమంటది, తీసేసి స్పీకర్‌ల పెడ్తే రూమ్‌ల ఇంకో గొంతు వినబడుతున్నదని ఇంకో వార్నింగ్, ఆ గొంతు నా స్క్రీన్ రీడర్‌ది. అటు పోనియ్యరు ఇటు పోనియ్యరు, ఇగ నేను ప్రశ్న ఎట్ల వినాలె? కొన్ని అయితే పరీక్ష ఓపెన్ కాంగనే వేరే సాఫ్ట్‌వేర్‌లన్ని బంద్ చేస్తయి, వాటితోపాటు ఎన్‌వీడీఏ కూడ బంద్, కంప్యూటర్ ఒక్కసారే మూగది అయితది, బయటికి ఎట్ల రావాల్నో కూడ తెల్వదు. నా కండ్లు ఒక్క తాన నిలవయి, పుట్టుకతోనే అటిటు ఆడుతుంటయి, దానికి కూడ చూపు పక్కకు పోతున్నదని గుర్తు పెట్టింది. కండ్లు కనబడనోడు పక్కకు చూసి కాపీ ఎట్ల కొడ్తడు.

ఇది నా ఒక్కనిదే అయితే ఉత్తరం రాసేటోన్ని కాదు. మేము ఇటు దిక్కు వికలాంగ పిల్లలం కొంతమందిమి వాట్సాప్‌ల గ్రూపు పెట్టుకున్నం, నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దిక్కు వాళ్లు, ఎవరికన్న ఇంటర్వ్యూ ఉంటే ముందటి రోజు అందరం కలిసి ధైర్యం చెప్తం. అండ్ల విన్నయి కొన్ని చెప్త, వాళ్లను అడిగే రాస్తున్న.

జడ్చర్ల దిక్కు ఒక చెల్లె, పుట్టుకతోనే వినబడదు, సైగల భాషల మాట్లాడుతది, డిజైన్ పని మస్తు చేస్తది. ఆమెకు మొదటి రౌండే ఫోన్ కాల్. నాకు వినబడదు, చాట్‌ల గాని మెయిల్‌ల గాని అడగండ్రి అని జవాబు రాస్తే వాళ్లు ఏం చేసిన్రంటే మళ్ల ఫోన్ చేసిన్రు. ఎట్లనో వీడియో రౌండ్ దాక పోయింది. మాట్లాడేది అక్షరాలల్ల కింద కాప్షన్లు వస్తయి గదా, ఇంగ్లిష్‌ల, అవే దిక్కు. కని మన దిక్కు ఇంగ్లిష్‌ను ఆ మిషన్ సగమే పడుతది, పైనుంచి ఆలస్యం. వాళ్ల ప్రశ్న కాప్షన్‌ల పూర్తిగ వచ్చే లోపట 'హలో, ఆర్ యూ దేర్' అని మళ్ల అడుగుతున్నరు, ఆ మాట కూడ కాప్షన్‌ల వచ్చి అసలు ప్రశ్నను పైకి తోసేస్తున్నది, ఆమె పైకి జరుపుకొని చదివేసరికి ఇంకో 'హలో'. ఇంటర్వ్యూ చేసే సార్ కెమెరా బంద్ పెట్టుకున్నడు, పెదవులు చూసి అర్థం చేసుకుందమన్నా ఆడ ముఖం లేదు, పేరుల మొదటి అక్షరం ఒక్కటే. వాళ్లన్నకు సైగలు వస్తయి, పక్కకు కూసొని చెప్తడు అంటే రూమ్‌ల వేరే మనిషి ఉండొద్దు అన్నరు. కాపీ కొట్టొద్దని ఆ రూల్ పెట్టిన్రు, మంచిదే, దాన్ని నేను తప్పు పడ్తలేను, అట్లయితే కంపెనీయే ఒక ఇంటర్‌ప్రెటర్‌ను వీడియోల కలపాలె గదా. జూమ్‌ల ఇంటర్‌ప్రెటర్ ముఖాన్ని పెద్దగ పెట్టి అట్లనే నిలబెట్టే సౌకర్యం ఉన్నది, అది తెలిసినోళ్లు ఉండాలె, ఇంటర్‌ప్రెటర్ ఫీజు పెట్టుకోవాలె. సైగల భాష తెలిసిన ఇంటర్‌ప్రెటర్లు మన రాష్ట్రంల తక్కువ, జిల్లాలల్ల మరీ తక్కువ, అందుకే ఇంటర్వ్యూ తారీఖు ఒక్క రోజు ముందు చెప్తే ఆమె ఎవరినీ తెచ్చుకోలేదు.

మిర్యాలగూడ దోస్తు ఒకాయనకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతోని కండరాలు సక్కగ మాట విననియ్యని వైకల్యం, మాట నెమ్మదిగ, జర గుంజినట్టు వస్తది, అలవాటైతే ప్రతి మాట అర్థమైతది. ఎక్సెల్‌ల మా గ్రూపుల అందరం ఆయననే అడుగుతం. ఇంటర్వ్యూల ఆయన మాట్లాడుతుంటే అవతలోళ్లు 'మీ వాయిస్ బ్రేక్ అయితున్నది, నెట్ చూసుకోండ్రి' అన్నరంట. నెట్ బాగనే ఉన్నది, అది ఆయన గొంతే. ఆయన సిగ్గుకు ఆ మాట చెప్పలేక, సరే సార్ నెట్ చూసుకుంట అని కాల్ కట్ చేసిండు. ఈ ఒక్కటి విన్న రోజు నాకు నిద్ర పట్టలే. రెండు నిమిషాలల్ల జవాబు రికార్డ్ చేసే ఇంటర్వ్యూ అయితే ఆయనకు మొదటి వాక్యం అయ్యేసరికే టైమ్ అయిపోతది.

ఇగ మా నల్లగొండది ప్రత్యేకంగ ఒకటి ఉన్నది, అది వేరే జిల్లాలోళ్లు ఆలోచించరు కూడ. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయినోళ్లు ఎంతమందో మీకు నేను చెప్పనక్కర లేదు, మీ పేపర్లనే ఫోటోలు ఎన్నో వచ్చినయి. సర్కారు మిషన్ భగీరథ నీళ్లు వచ్చి తాగే నీళ్లు మారినయి గని అప్పటికే బిగుసుకుపోయిన మెడలు, వెన్నుపూసలు మారలే గదా. అండ్ల చదువుకున్న పిల్లలు ఉన్నరు. మర్రిగూడ దిక్కు ఒక తమ్ముడు డిగ్రీ పూర్తి చేసిండు, మెడ తిరగదు, వీపు వంగి ఉంటది, మంచం మీద ఒరిగి లాప్‌టాప్ ముంగట పెట్టుకొని పని చేస్తడు. కెమెరాల తలకాయ నిటారుగ ఉండాలె, భుజాలు కనబడాలె అని ఆ సాఫ్ట్‌వేర్ అంటది. గంటన్నర అట్ల కూసోనీకి ఆయన శరీరం ఒప్పుకోదు. మధ్యల ఐదు నిమిషాలు ఒరుగుత అంటే సీటు విడిచిపోయిండని పరీక్ష బంద్ అయింది. ఈ నేల నీళ్లే ఆయనను అట్ల చేసినయి, ఇప్పుడు ఒక కెమెరా వచ్చి సక్కగ కూసో అంటున్నది.

ముఖం చూసి మనిషికి మార్కులేసే పద్ధతి మీద బయట దేశాలల్ల కూడ గొడవలైనయి. అమెరికాల హైర్‌వ్యూ అని వీడియో ఇంటర్వ్యూల సాఫ్ట్‌వేర్‌ల పెద్ద పేరున్న కంపెనీ, ముఖ కవళికలను కంప్యూటర్ అంచనా కట్టే పద్ధతిని ఆపేసినమని 2021 జనవరిల వాళ్లే ప్రకటించిన్రు. అంటే తయారు చేసినోళ్లే వెనక్కి తీసుకున్నరు. మన తాన వాడేటోళ్లు ఇసొంటి ప్రశ్న ఒక్కటన్న వేసుకోవాలె గదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్త. మా గ్రూపుల అన్నిటికన్న ఎక్కువ గంటలు చర్చ అయ్యేది ఒకటే, ముందే చెప్పాల్నా వద్దా అని. అప్లికేషన్‌ల వికలాంగుడిని అని టిక్ పెడ్తే కాల్ రాదని కొందరు ఒట్టు వేసి చెప్తరు, రెజ్యూమెల ఆ మాట తీసేసినంకనే కాల్స్ వచ్చినయని ఇద్దరు ముగ్గురు చెప్పిన్రు. చెప్పకుండ పోతే ఇంటర్వ్యూల ఆ టైమర్‌తోని, ఆ గుండ్రంతోని ఒంటరిగ కొట్లాడాలె, మధ్యల చెప్తే ముందే ఎందుకు చెప్పలేదు అంటరు, మోసం చేసినట్టు మాట్లాడుతరు. ముందే చెప్తే ఏమైతదంటే, నాకే అయింది, హెచ్‌ఆర్ మేడం మస్తు మర్యాదగ మాట్లాడింది, మీరు చాలా గ్రేట్ అండి, మీలాంటి వాళ్లను చూసి నేర్చుకోవాలి అన్నది, మా టీమ్‌ను అడిగి చెప్తా అన్నది, అంతే, తర్వాత మెయిల్ లేదు, ఫోన్ ఎత్తలేదు. ఆమె మంచిదే కావొచ్చు. ఆమెకు ఏం చేయాల్నో ఎవరూ చెప్పలేదు, అడగనీకి పైన ఎవరూ లేరు, భయపడి ఊకున్నది అని నేను అనుకుంటున్న. నన్ను పొగడనక్కర లేదు, నాకు ప్రశ్నలు వర్డ్ ఫైల్‌ల పంపితే చాలు.

మా వాళ్లల్ల చానమంది ఏం అనుకుంటరంటే, ఏర్పాటు అడుగుడు అంటే అడుక్కునుడు అని. ఇది మా ఇండ్లల్లనే మొదలైతది, వాళ్లు ఇచ్చిందే ఎక్కువ, ఎందుకు అన్ని అడుగుతవు బిడ్డా అంటది మా అమ్మ. అమ్మకు నేను చెప్పేది ఒకటే, ఇది వాళ్ల దయ కాదు, చట్టం. 2016ల వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్ల ఉన్నది. 1995 నాటి పాత చట్టంల ఏడు రకాల వైకల్యాలే ఉంటే దీంట్ల 21 అయినయి, సర్కారు కొలువులల్ల రిజర్వేషన్ 3 శాతం నుంచి 4 అయింది, ఈ నాలుగు శాతం మాట అందరికి తెలుసు. తెల్వనిది 21వ సెక్షన్. ప్రతి సంస్థ, ప్రైవేటుదైనా సరే, వికలాంగులకు సమాన అవకాశాలు ఎట్ల ఇస్తమో పాలసీ రాసి బయట పెట్టాలె. 2017 రూల్స్ ప్రకారం 20 మంది గాని అంతకెక్కువ గాని పనిచేసే ప్రైవేటు సంస్థ అయితే ఆ పాలసీల వికలాంగులు చేయగలిగే పోస్టులు ఏవి, ఎంపిక ఎట్ల చేస్తరు, ఏం సౌకర్యాలు, ఏం పరికరాలు ఇస్తరు, వీళ్ల సంగతి చూసే లైజన్ ఆఫీసర్ ఎవరు, ఇవన్ని రాయాలె, వెబ్‌సైట్‌ల గాని ఆఫీసుల అందరికి కనబడే కాడ గాని పెట్టాలె. నేను అప్లై చేసే ముందు కంపెనీ వెబ్‌సైట్‌ల ఈ పాలసీ వెతుకుత. చానసార్లు దొరకదు, దొరికినా అండ్ల ఇంటర్వ్యూ ముచ్చట ఉండదు, ఆఫీసు ర్యాంపు, లిఫ్టు, టాయిలెట్ వరకే. ఆఫీసు లోపటికి పోవాలంటే ముందు ఇంటర్వ్యూ దాటాలె గదా.

కోర్టులు కూడ ఈ ముచ్చట తేటగనే చెప్పినయి. 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసుల సుప్రీంకోర్టు, వికలాంగులకు అన్ని అందుబాటుల ఉండాలని పెట్టిన ప్రమాణాలు ఇష్టముంటే పాటించు లేకుంటే లేదు అన్నట్టు ఉండొద్దు, తప్పనిసరి నియమాలు చేయాలె అని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసుల ఇంకా దగ్గరి మాట అన్నది. యాసిడ్ దాడిల కండ్లు దెబ్బతిన్న ఆమెను బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముంగట కండ్లు ఆర్పి చూపించుమన్నరు, ఆమెతోని ఎట్లయితది? ఆ కేసుతోని కలిపి చూపు లేని ఒకాయన వేసిన కేసు కూడ విన్నరు. డిజిటల్ సేవలు అందుకునుడు రాజ్యాంగం 21వ ఆర్టికల్‌ల ఉన్న బతికే హక్కుల భాగమే అని చెప్పి, కండ్లు ఆర్పుడు ఒక్కటే కాకుండ వేరే పద్ధతులు పెట్టుమని 20 ఆదేశాలు ఇచ్చిన్రు. ఆ కేసు బ్యాంకుల మనిషి గుర్తింపు చూసే కేవైసీది, ఇంటర్వ్యూలది కాదు, అది నాకు తెలుసు. కని ముఖాన్ని గుండ్రంల పెట్టుమనే ఆ కెమెరా, మాకు ఇంటర్వ్యూల ఎదురయ్యే కెమెరా వేరే వేరే కావు. వెబ్‌సైట్‌లు, యాప్‌లు వికలాంగులకు పనికొచ్చేటట్టు ఎట్ల తయారు చేయాల్నో ఐఎస్ 17802 అని భారత ప్రమాణమే ఉన్నది, కంపెనీలు ఇంటర్వ్యూ సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు దాన్ని పాటిస్తున్నరా అని అమ్మేటోన్ని అడిగితే చాలు, అడిగేటోడు ఉంటే తయారు చేసేటోడు సరి చేసుకుంటడు. ఇప్పుడు ఎవరూ అడుగుతలేరు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఇంటర్వ్యూ లింకు పంపే మెయిల్‌ల ఒక్క వాక్యం పెట్టుండ్రి, అందరికి పంపే మెయిల్‌ల, మాకు ఒక్కరికే కాదు. 'ఇంటర్వ్యూకు మీకు ఏమన్న ఏర్పాటు కావాల్నా, కావాలంటే ఈ నంబర్‌కు గాని ఈ మెయిల్‌కు గాని చెప్పండి, దీని వల్ల మీ ఎంపికకు నష్టం ఉండదు' అని. అందరికి పోయే మెయిల్‌ల ఉంటే నేను వికలాంగుడినని నెత్తిన బోర్డు పెట్టుకొని పోవాల్సిన పని లేదు, చేయి విరిగి కట్టు కట్టుకున్నోడు కూడ అడుగుతడు, చంటి పిల్ల తల్లి కూడ అడుగుతది. ఆ నంబర్ ఎత్తేది మనిషి అయి ఉండాలె, ఆ మనిషికి టైమ్ పెంచనీకి, పద్ధతి మార్చనీకి అధికారం ఉండాలె, మా టీమ్‌ను అడుగుత అని పోయి మాయమయ్యేటట్టు ఉండొద్దు. వినబడనోళ్లు కూడ ఉంటరు కాబట్టి ఫోన్ ఒక్కటే ఇస్తే కుదరదు, వాట్సాప్ మెసేజ్ పెట్టేటట్టు ఉండాలె.

ఈ ఒక్కటి చేస్తే మిగిలినయి వాటంతట అవే తేలుతయి, ఎందుకంటే ఎవరికి ఏం కావాల్నో వాళ్లకే తెలుసు. నాకు ఒక రోజు ముందు ట్రయల్ లింకు ఇస్తే ఏ బటన్ ఎక్కడున్నదో వెతుక్కుంట. జడ్చర్ల చెల్లెకు ప్రశ్నలు చాట్‌ల టైప్ చేస్తే చాలు, ఇంటర్వ్యూ చేసే సార్ ముఖం మీద వెలుతురు పడేటట్టు కూసొని కెమెరా ఆన్ చేస్తే ఇంకా మంచిది. మిర్యాలగూడ దోస్తుకు టైమ్ కావాలె. సర్కారు రాత పరీక్షలల్ల గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇయ్యాలని 2018లనే కేంద్రం గైడ్‌లైన్స్ ఇచ్చింది, మా వాళ్లు ఆ టైమ్‌తోనే పరీక్షలు రాస్తున్నరు, ఎవ్వరికీ నష్టం కాలే. ప్రైవేటోళ్లు కూడ అదే లెక్క పెట్టుకోవచ్చు. మర్రిగూడ తమ్మునికి ఒరిగి కూసోనిస్తే, మధ్యల లేవనిస్తే అయిపోయింది. వీటిల్ల దేనికన్న లక్షల ఖర్చు ఉన్నదా చెప్పండ్రి.

మన జిల్లాలల్ల కూడ కొంత చేసుకోవచ్చు. నల్లగొండల, పాలమూరుల ఐటీ టవర్లు 2023ల మొదలైనయి, బాగుంది. వాటిల్ల గాని కలెక్టరేట్‌ల గాని ఉపాధి ఆఫీసుల గాని ఒక్క రూమ్ ఇయ్యండ్రి, మంచి నెట్, మంచి వెలుతురు, వీల్‌చైర్ పట్టే తలుపు, ఎన్‌వీడీఏ ఉన్న కంప్యూటర్, సప్పుడు లేని జాగ. ఇంటర్వ్యూ ఉన్న వికలాంగులు ముందటి రోజు చెప్పి వచ్చి ఆడ కూసుంటరు. దేవరకొండ అవతల చందంపేట దిక్కు తండాలల్ల సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన తావులు ఉన్నయి, కాలు లేని పిల్లగాడు గుట్ట ఎట్ల ఎక్కుతడు. మహాత్మా గాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ, మన డిగ్రీ కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్‌లు కంపెనీలను పిలిచేటప్పుడే ఈ మాట రాసి ఒప్పించుకోవాలె, పిల్లలు ఒక్కొక్కరు అడిగితే కంపెనీ వినదు, కాలేజీ అడిగితే వింటది. జాబ్ మేళాలు పెట్టే ఆఫీసర్లు కూడ కంపెనీలను స్టాల్‌కు పిలిచేటప్పుడు ఆ 21వ సెక్షన్ పాలసీ కాపీ తెమ్మనండ్రి. తెస్తే తెస్తరు, లేకుంటే రాసుకొస్తరు, ఎట్లయినా మంచిదే.

2011 జనాభా లెక్కలల్ల దేశంల వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. మా రాష్ట్రంల మాకు 2023 నుంచి నెలకు 4,016 రూపాయల పెన్షన్ ఉన్నది, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, అది లేకుంటే పస్తులున్న ఇండ్లు నాకు తెలుసు. కని చదువుకున్న పిల్లలకు పెన్షన్ మీద బతుకాలని లేదు. మర్రిగూడ తమ్ముడు అంటడు, అన్నా నాకు జీతం పడ్డ మెసేజ్ ఒక్కసారి చూసుకోవాలని ఉన్నదే అని.

చివరికి మీకు రెండు విన్నపాలు. మీ ఈ-పేపర్ పేజీలు మాకు ఫోటో లెక్కనే ఉన్నయి, స్క్రీన్ రీడర్ ఒక్క అక్షరం చదవదు, కనీసం ఉద్యోగాల పేజీ అన్నా టెక్స్ట్ రూపంల వెబ్‌సైట్‌ల పెట్టుండ్రి, అది మీ చేతుల పని. రెండోది, ఉద్యోగ ప్రకటన ఇయ్యనీకి వచ్చే ప్రతి కంపెనీని మీ యాడ్స్ సెక్షన్‌ల, వికలాంగ అభ్యర్థులు ఏర్పాట్ల కోసం ఎవరిని అడగాలె అని ఒక్క ప్రశ్న అడగండ్రి, వాళ్లు ఇచ్చిన నంబర్ ప్రకటన కిందనే వేయండ్రి. ఇయ్యకుంటే ఆ లైన్ ఖాళీగ వేయండ్రి, చదివేటోళ్లకు అర్థమైతది. వచ్చే వారం పేజీలల్ల నుంచే మొదలువెట్టొచ్చు, మేము ఎదురు చూసే ఇంటర్వ్యూలు ఇప్పుడే ఉన్నయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
రామగిరి, నల్లగొండ